ఫీజులన్నీ కట్టాం, సైడు కాలువ లేదు. ఇంకుడు గుంత మాత్రం మేమే తవ్వాలా?

ప్రశ్న:

మాది నెల్లూరు. చెరువు కింద ఒకప్పటి మాగాణిలో వేసిన లేఅవుట్‌లో మా మామగారు 25 ఏళ్ల కిందట కొన్న 40 అంకణాల స్థలం (320 గజాలు) ఉంది. అది అనుమతి లేని లేఅవుట్. ఎల్‌ఆర్‌ఎస్ కట్టి క్రమబద్ధం చేయించుకున్నాం. ఇప్పుడు మా బావగారు, మావారు కలిసి మూడు అంతస్తులు కడుతున్నారు. కింద బావగారి కుటుంబం, మధ్యలో అద్దెకు, పైన మేము. పునాదులు ఇంకా మొదలుపెట్టలేదు.

కాంట్రాక్టరు మామూలు ఎస్టిమేటు కాకుండా 'గ్రీన్ బిల్డింగ్ ఖర్చు' అని విడిగా ఒక కాగితం ఇచ్చాడు. సోలార్ 3 కిలోవాట్లు 2 లక్షలు, డబుల్ గ్లాస్ కిటికీలు 90 వేలు, మిద్దె మీద థర్మల్ షీటు 80 వేలు, ఇంకుడు గుంత, ఫిల్టరు 40 వేలు. మొత్తం 4.10 లక్షలు. ఇది చూసి మా బావగారికి కోపం వచ్చింది. "ఎల్‌ఆర్‌ఎస్‌కి కట్టాం, బెటర్‌మెంటుకి కట్టాం, ప్లానుకి కట్టాం, లేబర్ సెస్సు కట్టాం. వీధిలో సైడు కాలవ లేదు, రోడ్డు లేదు. వాళ్లు చేయాల్సింది చేయకుండా మనల్ని గుంత తవ్వమంటే ఎట్టా?" అంటున్నారు. మేస్త్రీ అయితే "గుంత తవ్వి, ఫోటో తీసి, పూడ్చేస్తే సరిపోద్ది, ఎవురొచ్చి చూస్తారు" అన్నాడు. ముందు గోడకు చీమకుర్తి గ్రానైట్ వేయించడానికి మాత్రం 2.50 లక్షలు అందరూ ఒప్పుకున్నారు.

నేను టీచర్‌ని. నీటిని కాపాడుకోవాలని పిల్లలకు చెప్పే దాన్ని. కానీ ఇంట్లో బావగారి మాటకు ఏం సమాధానం చెప్పాలో తెలియడం లేదు. హోమ్ లోన్ టెన్షన్ ఎలాగూ ఉంది. ఈ నాలుగిట్లో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ఇంత కట్టిన తర్వాత కూడా ఖర్చు మా మీదే పడటం న్యాయమేనా?

ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం:

అమ్మా, మీ బావగారి కోపంలో న్యాయం ఉంది. దాని సంగతి చివర్లో వివరంగా మాట్లాడుకుందాం. ఆ కోపంలో మేస్త్రీ మాట వింటే మాత్రం నష్టపోయేది కార్పొరేషన్ కాదు, కింద అంతస్తులో ఉండబోయే ఆయన కుటుంబమే. ఎలాగో చెబుతాను.

ముందు ఆ కాగితం చూద్దాం. నాలుగూ రూలు ప్రకారమే అన్నట్టు కాంట్రాక్టరు ఒక్క పేరు కింద కలిపేశాడు. మీ ఇంటికి వాటిలో తప్పనిసరి ఒక్కటే, వాన నీటిని ఇంకించే ఏర్పాటు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ అది ఉంది. ఇళ్ల వేడి, కరెంటు వాడకం గురించి కేంద్ర సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాస భవనాల కోసం రాసింది. మీ 320 గజాలు 268 చదరపు మీటర్లు మాత్రమే. ఇక ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ వాణిజ్య భవనాలది. కేంద్రం రాసిన కోడ్‌లో 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ దగ్గర్నుంచి అది వర్తిస్తుంది. అంటే పెద్ద ఆస్పత్రులు, షాపింగ్ కాంప్లెక్సులు, ఏసీ కల్యాణ మండపాల లాంటివి.

నా అభిప్రాయం దాచుకోను. ఆ పెద్ద భవనాల దగ్గరే రూలు గట్టిగా అమలు కావాలి. పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాలు బిగించి, ఆ వేడిని తోడిపోయడానికి రోజంతా ఏసీలు నడిపే కట్టడాలు మన ఊళ్లో ఏటా పెరుగుతున్నాయి. మే నెల సాయంత్రం లోడు పెరిగితే పేలేది ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది పెట్టే ఖర్చు, ఆ గంటలో ఎక్కువ ధరకు కొన్న కరెంటు ఖర్చు తిరిగి వచ్చేది అందరి బిల్లుల్లోకే. పెద్దవాళ్లను వదిలేసి 40 అంకణాల ఇంటిని కాగితాలతో భయపెట్టడం సరికాదు.

కాబట్టి చట్టం అడిగిందా లేదా అన్న లెక్క పక్కన పెట్టి, మీకు పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాను. కట్టేశాక మార్చలేనివి, మార్చాలంటే పగలగొట్టాల్సినవి ఇప్పుడే సరిగ్గా చేయించండి. తర్వాత ఎప్పుడైనా తెచ్చి బిగించుకోగలిగినవి అప్పు తీరే దాకా ఆపండి.

అలా చూస్తే డబుల్ గ్లాస్ కిటికీలు ఈ రోజే కొట్టేయండి. కిటికీలు మూసుకుని ఎప్పుడూ ఏసీలో ఉండే ఇంటికి అవి కొంత మేలు చేస్తాయి. కిటికీలు తెరుచుకుని ఫ్యాను కింద బతికే నెల్లూరు ఇంటికి 90 వేలు పెట్టి రెండు అద్దాలు ఎందుకు? మనది ఉక్క వాతావరణం. మనకు కావలసింది గాలి. నేను చెప్పిన సంహిత కూడా మనలాంటి వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో కిటికీలు, తలుపులు తెరుచుకునే భాగం గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది. 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలన్నమాట. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు స్లైడింగ్ కిటికీ చూడటానికి 16 అడుగులు. దానిలో ఒక పలక ఎప్పుడూ ఇంకో పలక వెనకే ఉంటుంది కాబట్టి తెరుచుకునేది 8 అడుగులే. రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీ అయితే మొత్తం గాలే. ముఖ్యంగా తూర్పు వైపు, సాయంత్రం సముద్రం మీది నుంచి పైరగాలి వచ్చే దిక్కున, స్లైడింగ్ పెట్టనివ్వకండి.

డబుల్ గ్లాస్ డబ్బులో చిన్న భాగం సన్‌షేడ్లకు మళ్లించండి. పడమటి కిటికీల మీద లోతుగా, రెండడుగులకు తగ్గకుండా వేయించండి. ఉత్తరం వైపు ఎండ రాదని మేస్త్రీలు అక్కడ సన్‌షేడ్ ఎగ్గొడతారు. మన నెల్లూరు ఉన్న అక్షాంశానికి మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు గోడ కూడా కాగుతుంది. అక్కడా వేయించాల్సిందే.

సోలార్ మంచిదే, కానీ తొందర లేదు. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు కేంద్రం 78 వేల సబ్సిడీ ఇస్తోంది. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు. అది మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. కాంట్రాక్టరు రాసిన 2 లక్షల్లో ఆ మాటే లేదంటే, ఆ కాగితాన్ని ఎంత నమ్మాలో మీరే ఆలోచించండి. ఇల్లు పూర్తయి, మీటర్లు ఎవరి పేరు మీద వస్తాయో తేలాక మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌కు మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇప్పుడు చేయించాల్సింది రెండే పనులు. మీటరు బోర్డు నుంచి మిద్దె దాకా ఒక ఖాళీ పైపు గోడలో పెట్టించడం, మిద్దె మీద సుమారు 300 అడుగుల జాగా నీడ పడకుండా వదిలించడం. నీళ్ల ట్యాంకు ఆ జాగాకు దక్షిణంగానో పడమరగానో పెడితే దాని నీడ పలకల మీద పడుతుంది. ట్యాంకు ఎక్కడ రావాలో ప్లానులోనే గీయించండి.

మిగిలినవి మిద్దె, నేల. ఈ రెండింటి దగ్గర రాజీ పడొద్దు.

పైన ఉండేది మీరు కాబట్టి మిద్దె సంగతి మీకే ఎక్కువ తగులుతుంది. మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా వేడి దించుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. పై అంతస్తుల్లో ఉండేవాళ్లందరికీ ఇది అనుభవమే. ఒక చదరపు మీటరు మిద్దె గుండా, ఒక్క డిగ్రీ తేడాకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందో కొలిచే లెక్క ఒకటి ఉంది. సంహిత ప్రకారం అది 1.2 దాటకూడదు. ఉత్త ఆరంగుళాల స్లాబుకు అది 3 దాటుతుంది. స్లాబు మీద అంగుళం మందం థర్మల్ షీటు పరిస్తే ఒకటి దరిదాపులకు వస్తుంది. అంటే వేడి మూడో వంతుకు తగ్గుతుంది. మీ ఇంటికి ఆ కోడ్ తప్పనిసరి కాకపోయినా 80 వేలు పెట్టదగ్గ ఖర్చు అని నేను చెప్పేది అందుకే.

కానీ ఆ షీటు వేసే పని దగ్గరుండి చూసుకోవాలి. స్లాబు వేశాక, వాటం కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, వాన నీళ్లు దిగే గొట్టాల మూతులు గుడ్డలతో బిగించి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టించండి. రెండు రోజులు అలాగే ఉంచి, కింది గదుల్లోకి వెళ్లి సీలింగు చూడండి. ముఖ్యంగా పిట్టగోడ, స్లాబు కలిసే మూలల కింద చూడండి. ఎక్కువగా కారేది అక్కడే. ఆ మూలలను గుండ్రంగా పూయించి ఉండాలి. చెమ్మ లేదని తేలాకే షీటు పరిపించండి. దాని మీద పలుచటి కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్. ముందే షీటు పరిచేస్తే రేపు కారినప్పుడు ఎక్కడ కారుతోందో కనుక్కోవడానికి మొత్తం పెకలించాలి. డబ్బు నిజంగా సరిపోకపోతే ఈ ఏడాదికి తెల్ల సున్నం రెండు పూతలు వేయించుకుని, షీటు తర్వాత వేసుకోవచ్చు. అందుకు వీలుగా తలుపు గడప మూడంగుళాలు ఎత్తులో పెట్టించండి. ఇది పట్టించుకోకపోతే తర్వాత వేసే షీటు గడపకు అడ్డం వస్తుంది.

గోడలకు బూడిద ఇటుక వాడతారేమో అడగండి. కృష్ణపట్నం వైపు థర్మల్ కేంద్రాల బూడిద మనకు దగ్గరే కాబట్టి ఈ ఇటుక మన జిల్లాలో బాగా దొరుకుతుంది. అంచులు నున్నగా ఉంటాయి, ప్లాస్టరింగు తక్కువ పడుతుంది. సరిగ్గా నీళ్లు తడపకుండా తెచ్చిన పచ్చి సరుకు అయితే గోడలు బీటలిస్తాయి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే లోహం మోగినట్టు మోగాలి, గోరుతో గీస్తే పొడి రాలకూడదు.

ఇప్పుడు నేల సంగతి. ఇది మీ బావగారికి చదివి వినిపించండి.

మీ మిద్దె ఎంత లేదన్నా 150 చదరపు మీటర్లు ఉంటుంది. నవంబరులో వాయుగుండం పట్టి ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడటం నెల్లూరుకు కొత్త కాదు. ఆ రోజు మీ మిద్దె మీద నుంచే 15 వేల లీటర్లు దిగుతాయి. మీ లేఅవుట్‌లో అలాంటి ఇళ్లు వంద ఉంటే 15 లక్షల లీటర్లు. ప్రతి ఇల్లూ తన గొట్టం వీధిలోకి పెట్టి, ప్రహరీ లోపల గేటు దాకా సిమెంటు చేసేస్తే ఆ నీరంతా కొద్ది గంటల్లో వీధి మీదికి వస్తుంది. సైడు కాలువ ఎంత పెద్దది కట్టాలో నిర్ణయించేది ఏడాది వాన కాదు, ఒకే గంటలో ఎంత నీరు వచ్చి పడుతుందన్నదే. ఇళ్లు కొంత నీరు ఆపుకుంటే రెండడుగుల కాలువ సరిపోయే చోట, ఆపుకోకపోతే నాలుగడుగులది కావాలి. దాని ఖర్చు మళ్లీ పన్నులోనో, చార్జీలోనో మీ దగ్గరికే వస్తుంది. గుంత తవ్వితే కాలువ అక్కర్లేదని నేను అనడం లేదు. గుంతలు లేని వీధికి మామూలు కాలువ చాలదు అంటున్నాను.

వీధిలో నీళ్లు నిలిస్తే ముందు మునిగేది ఎవరి గుమ్మం? కింద అంతస్తు. అద్దెకు ఉన్నవాళ్లకూ మీకూ మెట్లు దిగితే బురద అంతే. బావగారి ఇంట్లో మాత్రం గోడలు అడుగు ఎత్తు దాకా చెమ్మ పట్టి సున్నం రాలుతుంది. గుంత పూడ్చేయమన్న సలహా ఆయనకే నష్టం అన్నది అందుకే.

అయితే మీ లేఅవుట్ ఒకప్పటి మాగాణి. జిగట నేల. వానాకాలంలో ఊట పైకి వస్తుంది. అందరికీ ఒకే రకం గుంత గీసిచ్చే ప్లాను మీకు పనికిరాకపోవచ్చు. పునాదులకు తవ్వేటప్పుడే ఒక పరీక్ష చేయండి. మూలగా ఒక అడుగు వెడల్పు, మూడడుగుల లోతు గుంత తీసి, నిండా నీళ్లు పోసి, ఒకసారి ఇంకనిచ్చి, మళ్లీ పోసి, గంటలో ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. నాలుగైదు అంగుళాలు దిగితే మామూలు ఇంకుడు గుంత బాగా పనిచేస్తుంది. అంగుళం కూడా దిగకపోతే, లేదా నవంబరులో ఆరడుగుల్లోనే ఊట తగిలే చోటైతే, గుంత ఒక్కటే పెట్టుకుని లాభం లేదు. నీళ్లు నిలవ చేసుకోవడమే మీకు మేలు. ఎలాగూ సంపు కడతారు కదా, దాన్ని 5 వేల లీటర్లు పెంచి రెండు అరలు చేయండి. ఒక అరలోకి మిద్దె నీళ్లు ఫిల్టరు గుండా దిగాలి, నిండాక పొర్లేవి గుంతలోకి పోవాలి. మన జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. మీ మిద్దె మీద ఏడాదికి లక్షకు పైగా లీటర్లు పడతాయి. బట్టలకు, బాత్రూములకు, మొక్కలకు ఆ మూడు నెలలు బోరు మోటారు వేసే అవసరం చాలా తగ్గుతుంది.

ఫిల్టరు తొట్టి పెద్ద విద్య కాదు. మూడడుగుల తొట్టిలో కింద 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, దోమతెర లాంటి జాలీ, ఆపైన ఇసుక. మొదటి వాన మురికిని బయటికి వదిలేయడానికి గొట్టానికి ఒక మూత. అందరూ మరిచిపోయేది ఒక్కటే. ఏటా సెప్టెంబరు చివర్లో ఆ ఇసుక తీసి కడగాలి. కడగని గుంత రెండో ఏడాదికే బురద పట్టి మూసుకుపోతుంది. గుంతలు పనిచేయవని జనం అనేది ఇలాంటి వాటిని చూసే.

ప్రహరీ లోపలి ఖాళీ మొత్తం సిమెంటు చేయొద్దు. కారు చక్రాలు నడిచే రెండు పట్టీలు చేసి మిగతాది మట్టిగా వదలండి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) అన్నది పక్కింటికీ మీకూ గాలి, వాన నీటికి నేల. అందులోకి బాత్రూము జరపమని ఎవరైనా చెబితే వినకండి. పడమటి మూల చెట్టుకు చోటు ఉంటే కానుగో వేపో పెట్టండి.

మరొక ముఖ్యమైన మాట. ఊళ్లో హడ్కో రుణంతో మొదలైన భూగర్భ డ్రైనేజీ ఒక రోజు మీ వీధికీ వస్తుంది. అది బాత్రూము నీళ్ల కోసం వేసిన గొట్టం, వాన నీళ్ల కోసం కాదు. మిద్దె గొట్టాన్ని దానికి కలిపితే వానలో మ్యాన్‌హోల్స్ పొంగి ఆ మురుగు వీధిలోకి వస్తుంది. పల్లంగా ఉన్న ఇంట్లోకి వెనక్కి తన్నినా తన్నుతుంది. ఇంట్లో వాన నీళ్ల లైను, మురుగు లైను ఇప్పుడే వేరు చేయించండి. గొట్టాలు గోడలోకి వెళ్లాక ఈ పని ఎవరూ చేయరు.

మొత్తం మీద మిద్దె షీటు, ఇంకుడు గుంత కలిపి 1.20 లక్షలు. సంపు పెంచడానికి, సన్‌షేడ్లకు మరికొంత. ఆ 1.20 లక్షలు గ్రానైట్‌కు రాసుకున్న దానిలో సగం కూడా కాదు. గ్రానైట్ వద్దనడం లేదు. అప్పు మీద కడుతున్నప్పుడు అది వచ్చే ఏడాదికి ఆగుతుంది. స్లాబు, సంపు ఆగవు.

ఇంట్లో ఎలా మాట్లాడాలి అన్నారు. మేస్త్రీ, కాంట్రాక్టరు ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకండి. వాళ్ల ముందు పెద్దవాళ్లు మాట వెనక్కి తీసుకోలేరు. మీవారు, మీ అక్కగారు కూడా ఉన్నప్పుడు, ముందు కింద అంతస్తు గురించి మొదలుపెట్టండి. గుమ్మం ఎత్తు, చెమ్మ, సంపు గురించి మీరే పట్టుబడితే బావగారికి తన ఇంటి గురించి ఆలోచిస్తున్నారని తెలుస్తుంది. మిద్దె మాట తర్వాత వస్తుంది. మిద్దె ఖర్చు పైనున్న మీదే అని, సంపు ఖర్చు కింద ఉన్న ఆయనదే అని విడదీయొద్దు. మిద్దె కారితే ఇనుము తుప్పు పట్టేది మొత్తం ఇంటికి. నేల కింది పని, మిద్దె పని రెండూ సమానంగా అని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెడితే ముందు ముందు మాటలు రావు.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంత కట్టినా ఖర్చు మా మీదే పడటం న్యాయమా? కాదు. కానీ ఈ అన్యాయం ఈ రోజు మొదలైంది కాదు. అనుమతి ఉన్న లేఅవుట్ వేసినవాళ్లు పదో వంతు ఖాళీ స్థలం వదిలి, రోడ్లు, కాలువలు కట్టాలి. అవి పూర్తి చేస్తారన్న హామీగా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంచాలి. మీ మామగారికి స్థలం అమ్మినవాళ్లు ఇవేవీ చేయకుండా పొలాన్ని రాళ్లు పాతి అమ్మేశారు. అంకణం చవగ్గా దొరికింది అందుకే. రోడ్డు, కాలువ, పార్కు ఖర్చును వాళ్లు మిగుల్చుకున్నారు, అది ఎల్‌ఆర్‌ఎస్ రూపంలో మీ మీద పడింది. ఖాళీ స్థలం వదలనందుకు మీరు కట్టిన చార్జీ దాని కోసమే. అంటే మీరు సౌకర్యాలకు డబ్బు కట్టేశారు. ఇప్పుడు అడగడం మీ హక్కు. ఆ హక్కును గుంత పూడ్చి కాదు, కాగితం పెట్టి వాడుకోండి.

సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్‌లోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫలానా సర్వే నంబరులో ఎల్‌ఆర్‌ఎస్, ఖాళీ స్థలం చార్జీ, బెటర్‌మెంట్ చార్జీ కింద ఇప్పటిదాకా ఎంత వసూలైంది, ఏ ఖాతాలో ఉంది, అందులోంచి ఆ ప్రాంతానికి ఏ పనులు మంజూరయ్యాయి అని అడగండి. మా వీధి వాన నీరు ఏ కాలువలో కలవాలని ప్లాను ఉంది, రోడ్డు పై లెవెల్ ఎంత అనుకుంటున్నారు అని కూడా అడగండి. 'కాలువ ఎప్పుడు వేస్తారు' అని అడిగితే 'నిధులు వచ్చాక' అని ఒక్క మాట రాసి పంపేస్తారు. అంకెలు అడిగితే అంకెలే రాయాలి.

ఇంకో పని చేయండి. రెవెన్యూ వాళ్ల దగ్గర మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), ఊరి పటం నకలు తీసుకోండి. చెరువు కింద మాగాణి కాబట్టి పంట కాలువ, మురుగు కాలువ గుర్తులు దానిలో ఉంటాయి. ఆ గుర్తుల వెంట మీ లేఅవుట్‌లో నడిచి చూడండి. చాలా చోట్ల నీళ్లు నిలవడానికి కాలువ లేకపోవడం కంటే ఉన్న కాలువ మీద ఎవరో గ్రావెల్ తోలి చదును చేయడమే కారణం. ఊరి మధ్య జాఫర్ సాహెబ్ కాలువకు, సర్వేపల్లి కాలువకు ఆక్రమణలతో ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. లేఅవుట్ల లోపలి చిన్న కాలువలకూ అదే జరుగుతోంది. మూసిన చోట ఒక హ్యూమ్ పైపు (పెద్ద సిమెంటు గొట్టం) వేస్తే లక్షల రూపాయల కాలువ అవసరం తప్పవచ్చు. ఆ పటం పట్టుకుని వీధివాళ్లు పదిహేను ఇరవై మంది సంతకాలతో వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మీ బావగారి కోపం పనికొచ్చేది ఇక్కడే. ఆయన్నే ముందుండి నడిపించమనండి.

రోడ్డు లెవెల్ అడగమన్నది ఊరికే కాదు. మన వీధుల్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు పెరిగే కొద్దీ పాత ఇళ్లు పల్లమవుతాయి. ఆ భయంతో కొత్తగా కట్టేవాళ్లు నాలుగడుగులు గ్రావెల్ తోలి ఎత్తు లేపుతారు, వాళ్ల నీళ్లు పక్కింటి మీదికి పోతాయి. ఆ పక్కింటివాళ్లు మళ్లీ కట్టినప్పుడు ఇంకో అడుగు లేపుతారు. మీరు ఆ పోటీలోకి దిగొద్దు. కార్పొరేషన్ రోడ్డు లెవెల్ రాసిస్తే, దాని మీద గచ్చు ఒకటిన్నర అడుగు ఎత్తు ఉంటే చాలు. జాతీయ భవన నిర్మాణ నియమావళి అడిగే 45 సెంటీమీటర్లు కూడా అదే. రాసివ్వకపోతే మీ వీధి కలిసే పెద్ద రోడ్డు నడిమధ్య ఎత్తు తీసుకుని, దాని నుంచి రెండడుగులు పైకి మీ ఇంజినీరు చేత గుర్తు పెట్టించండి. ప్రహరీ లోపలి వాన నీరు పక్క స్థలం వైపు కాకుండా మీ గుంత వైపు వాలేలా నేల వాటం కూడా ఆ రోజే రాయించండి. ఈ రెండు లెవెల్స్ కాగితం మీదికి వచ్చే దాకా జేసీబీని పిలవకండి.